వంద పోతుందంటే మెలకువ వస్తది!

పొద్దున ఐదింటికి అలారం మోగితే వేలు దానంతటదే స్నూజ్ మీదికి పోతుంది. అదే ఫోన్‌లో ‘మీ ఖాతా నుంచి వంద రూపాయలు కట్ అయ్యాయి’ అని మెసేజ్ వచ్చిందనుకోండి, ఒక్క క్షణంలో లేచి కూర్చుంటాం. వంద దొరికిన సంతోషం కంటే వంద పోయిన బాధే మనిషికి ఎక్కువని డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. ఈ బాధనే పనికి పెట్టుకుంటే ఎలా ఉంటుందని మేం ముగ్గురు దోస్తులం మూడు నెలలు చేసి చూశాం.

నేను నిజామాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తున్నా. రోజూ ఐదున్నరకు నడకకు పోవాలన్నది నా లెక్క. రెండోవాడిది బోధన్ శక్కర్‌నగర్. గవర్నమెంట్ జాబ్ కోసం రోజుకు నాలుగు గంటలు చదవాలన్నది వాడి లెక్క. మూడోవాడిది ఎడపల్లి. వాడికి ఐదు కిలోల బరువు తగ్గాలని ఉండె.

ముందే డబ్బు కట్టాలి, తప్పిన రోజల్లా కొంత పోవాలి. ఇంతవరకు సులువే. మరి ఆ డబ్బు ఎవరి దగ్గర పెట్టాలి? మాలో ఒకరి దగ్గర పెడితే, ‘అరే, ఈ ఒక్కరోజుకు వదిలెయ్‌రా’ అంటే అయిపోతుంది. అందుకే ఎడపల్లి దోస్తు వాళ్లమ్మ దగ్గరికి పోయినం. ఆమె ఏళ్ల తరబడి పొదుపు సంఘం లీడర్. వాళ్ల సంఘంలో మీటింగుకు రాకపోతే ఫైన్, కిస్తీ లేటైతే ఫైన్. సొంత చెల్లెలికైనా మాఫీ లేదు.

అమ్మ పెట్టిన రూల్స్

ఫైన్ పైసలతో అందరం బిర్యానీ తిందామని మేం అంటే ఆమె నవ్వింది. “ఫైన్ కట్టినోడే బిర్యానీ తింటే అది ఫైన్ ఎట్లయితది కొడుకా?”

యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు డీన్ కార్లన్, ఇయాన్ ఎయర్స్ ఒక విద్యార్థితో కలిసి 2008లో మొదలుపెట్టిన ‘స్టిక్’ వెబ్‌సైట్‌లో కూడా ఇదే కిటుకు ఉంది. మాట తప్పితే మన డబ్బు మనకు అస్సలు నచ్చని సంస్థకు పోయేలా పెట్టుకోవచ్చు. మేం దాన్ని మన పద్ధతికి మార్చుకున్నాం. ఎవడు తప్పితే వాడి డబ్బు, వాడికి గిట్టని హీరో ఫ్యాన్స్ కట్టే ఫ్లెక్సీకి!

ఐదు కిలోలు తగ్గుతానన్న తన కొడుకు లెక్కను ఆమె రాసుకోనేలేదు. “బరువు నీ చేతుల ఉన్నదా? నోరు నీ చేతుల ఉన్నది. ఏం తినవో అది చెప్పు” అన్నది. చివరికి ‘సాయంత్రం మిర్చీబజ్జీ, కూల్‌డ్రింక్ బంద్’ అని రాసింది.

మూడోది నాకు బాగా నచ్చింది. అందరికీ ఒకే ఫైన్ వద్దన్నది. జీతం వచ్చే మా ఇద్దరికీ తప్పిన రోజుకు వంద, డిపాజిట్ మూడు వేలు. శక్కర్‌నగర్ దోస్తుకు ముప్పై, డిపాజిట్ తొమ్మిది వందలు. వాళ్ల నాన్న నిజాం షుగర్స్‌లో పనిచేసేవాడు. 1937 నాటి ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక ఆ ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్కే. నాకు వంద ఎంత బరువో, వాడికి ముప్పై అంత బరువు.

మాఫీ అడగని దోస్తు

రెండో నెలలో వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేక నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులు వాడు పుస్తకం ముట్టలేదు. ‘ఇది లెక్కలోకి రాదు’ అని మేం అన్నాం. వాడు వినలేదు. అమ్మ ముందు అరవై రూపాయలు పెట్టి, “ఇయ్యాల నాన్న కోసం మాఫీ చేస్తే, రేపు వాన పడ్డా మాఫీ అడుగుత” అన్నాడు.

ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ అరవై తీసుకుంది. నోటుబుక్ తెరిచి ‘వచ్చే నెల నుంచి దవాఖాన రోజులకు ఫైన్ లేదు’ అని కొత్త రూల్ రాసింది. జరిగిపోయినదానికి రూల్ మార్చలేదు, జరగబోయేదానికి మార్చింది.

ఇది అందరికీ పనిచేస్తుందా? ఫిలిప్పీన్స్‌లో కార్లన్ బృందమే సిగరెట్ మానాలనుకునేవాళ్లతో ఒక బ్యాంకులో ఖాతాలు తెరిపించింది. ఆరు నెలల తర్వాత పరీక్షలో నికోటిన్ కనిపిస్తే దాచిన డబ్బు దానానికి పోతుంది. అవకాశం ఇచ్చినవాళ్లలో పదిమందిలో ఒకరే ఖాతా తెరిచారు. అయినా అవకాశం అందినవాళ్లలో, అందనివాళ్ల కంటే ఎక్కువమంది మానేశారు. ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది.

ఒక్క మాట. దీన్ని బెట్టింగ్ యాప్‌తో కలపొద్దు. అక్కడ గెలుపోటములు మన చేతిలో ఉండవు, పోయిన డబ్బు వెనక్కి తేవాలని ఇంకా పెడుతూ పోతాం. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు కూడా. ఇక్కడ పని మన చేతిలోది, ఎంత పోగలదో ముందే తెలుసు. అప్పు తెచ్చి మాత్రం డిపాజిట్ కట్టొద్దు.

మీరూ చూడాలనుకుంటే నెల రోజులతో మొదలుపెట్టండి. లెక్కపెట్టగలిగే పనే రాసుకోండి. డబ్బు మాత్రం మీరు బతిమాలినా కరగని మనిషి దగ్గరే పెట్టండి.

మూడు నెలలు నిండాక నాకు నాలుగు వందలు పోయి రెండు వేల ఆరు వందలు తిరిగొచ్చాయి. శక్కర్‌నగర్ దోస్తు చేతిలో అమ్మ ఎనిమిది వందల నలభై పెట్టింది. వాడు జేబులోంచి ఇంకో అరవై తీసి, మొత్తం తొమ్మిది వందలూ మళ్లీ ఆమెకే ఇచ్చాడు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో వాడికి తెలీదు. ఇంకో మూడు నెలలు చదవడం మాత్రం ఖాయం.