పదిహేను నొక్కితే పద్నాలుగు

మొన్నటి అన్నదానం పొరపాటు గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. వంటవాళ్ల తప్పేమీ లేదు. తప్పు నాది, మన యాప్‌కి నేను రాసిన ఏపీఐది.

ఆ పెద్దావిడ భర్త పోయి ఏడాదైంది. సంవత్సరీకం తిథి ప్రకారం ఇంట్లో పెట్టుకున్నారు. సంఘంలో అన్నదానానికి మాత్రం తేదీ చూసి 15 ఎంచుకున్నారు. మనవల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. ఆయన పేరు మీద భోజనాలు ముందురోజే అయిపోయాయి. యాప్‌లో 14 అనే ఉంది. "నేను పదిహేనే నొక్కాను బాబూ" అన్నారు. వేలు జారి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి కోడ్ తెరిచాను. 15 నొక్కితే అది "15, అర్ధరాత్రి 12 గంటలు"గా మారుతోంది. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కదా, యూటీసీలో అది 14 సాయంత్రం 6:30. నా కోడ్ గంటలు కోసేసి 14ని దాచింది. విచిత్రం, న్యూజెర్సీ నుంచి పిల్లలు నింపినవి సరిగ్గానే దిగాయి. అక్కడి అర్ధరాత్రి యూటీసీలో అదే రోజు తెల్లవారుజాము. కాబట్టి అందరికీ ఒక రోజు కలిపేస్తే వాళ్లవి చెడతాయి. ఎవరు ఎక్కడినుంచి నింపారో నేను దాచలేదు.

గంటలు కొయ్యకుండా ఐదున్నర కలిపితే సరిపోయేది కదా అన్నారొకరు. పెద్దవాళ్ల పుట్టినతేదీలకు అదీ చెల్లదు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, యుద్ధం రోజుల్లో, మన గడియారాలు గంట ముందుకు జరిపారు. జాతకం వేసేవాళ్లు ఆ గంట తీసేసి లెక్కిస్తారు. బ్రౌజర్లకూ ఆ సంగతి తెలుసు. 1943లో పుట్టినవారికి ఐదున్నర కలిపితే ముందురోజు రాత్రి 11 దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు తేదీని "2025-11-15" అని ఉత్త తేదీగానే పంపి, అలాగే చూపిస్తున్నాం. ఆదివారం తెలుగు తరగతికి మాత్రం గంటతోపాటు "ఆసియా/కోల్‌కతా" అనీ రాస్తాం. మనకు ఎప్పుడూ రాత్రి 8. న్యూజెర్సీలో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30.

పాత తేదీల కోసం ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, విసుక్కోకండి. ఆవిడ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. కాఫీ ఇచ్చారు. వచ్చే ఏడాది తేదీ మాత్రం కాగితం మీద రాసి చేతికిచ్చారు.