ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

"ఏం వదినా, ఖాళీయేనా?" అని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఇదివరకు నాకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఎదురుగా లాప్‌టాప్‌లో సగం కొట్టిన పేజీ ఉండేది. పొయ్యి మీద పప్పు ఉండేది. బాల్కనీలో మడత పెట్టాల్సిన బట్టలు ఉండేవి. అయినా నోటికొచ్చే మాట మాత్రం "ఆ, ఖాళీయే, చెప్పండి" అనే. ఇంట్లో ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆడవాళ్ళందరూ ఈ అబద్ధం ఆడతారని నా అనుమానం. మీరూ ఆడే ఉంటారు.

నా పని తెలుగు డి.టి.పి. పెళ్ళికి ముందు నాచారం పారిశ్రామికవాడ దగ్గర ఒక ప్రెస్సులో నాలుగేళ్ళు చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఒక పుస్తకం. పేజ్‌మేకర్ తెరవడం, అను ఫాంట్లలో కొట్టడం, ప్రూఫ్ తీసివ్వడం, దిద్దుకోవడం. పాప పుట్టాక మానేశాను. 2020 లాక్‌డౌన్‌లో మావారికి సగం జీతమే వచ్చిన నెలల్లో, మా తమ్ముడు పక్కన పడేసిన లాప్‌టాప్ తెచ్చుకుని ఉప్పల్లో మా ఇంట్లోనే మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ లాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ దొంగ కాపీలే. ఒక షాపతను ఐదు వందలు తీసుకుని "అన్నీ వేసిచ్చాను మేడమ్" అన్నాడు. ఏం వేశాడో నేను అడగలేదు. వంకాయలు కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసే నేను, బతుకుదెరువైన యంత్రంలోకి ఏం ఎక్కించారో చూసుకోలేదు.

2023 ఎండాకాలంలో ఒక పొద్దున లాప్‌టాప్ తెరిస్తే ఫైళ్ళ పేర్లన్నిటికీ ఏదో వింత తోక తగిలి ఉంది. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. డబ్బు కడితేనే ఫైళ్ళు వెనక్కిస్తామని ఇంగ్లీషులో ఒక బెదిరింపు ఉత్తరం, అదీ బిట్‌కాయిన్లలో కట్టాలట! దొంగ కాపీతో పాటు దొంగ కూడా ఇంట్లోకి వచ్చాడన్నమాట.

పోయినవాటిలో శుభలేఖలు, పాంప్లెట్లు ఎన్ని ఉన్నా నాకు బాధ లేదు. కానీ అందులో హెచ్.ఎం.టి. నగర్‌లో ఉండే ఒక రిటైర్డు తెలుగు పండితులు సారు జ్ఞాపకాల పుస్తకం ఉంది. వాళ్ళ ఊరి చెరువు, వానాకాలం బడి, వాళ్ళమ్మ. మొత్తం రెండు వందల పన్నెండు పేజీలు. అందులో నూట నలభై అయిపోయాయి. దసరాకి పుస్తకం రావాలని ఆయన ఆశ. ఇచ్చిన అడ్వాన్సు నాలుగు వేలు పాప స్కూల్ బస్సుకి కట్టేశాను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మావారికి చెబితే "పోనీలే, మానెయ్" అంటారని భయం. తిట్టడం కన్నా ఆ మాటే నాకు ఎక్కువ భయం. మూడో రోజు చిలకానగర్ మీదుగా ఆటోలో నాచారం వెళ్ళి, ఆయన ముందు కూర్చుని చెప్పేశాను. సారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఎర్ర బైండు నోటు పుస్తకాలు మూడు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"నేను రాసింది నా దగ్గర్నే ఉన్నది బిడ్డా. కష్టం పోయింది నీది. మళ్ల కొడుతవా?"

కొడతానన్నాను. దేంతో కొడతానో అప్పటికి నాకే తెలియదు.

మా పై పోర్షన్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లాడు ఉండేవాడు. వాడు ఒక సాయంత్రం పెన్‌డ్రైవ్ తెచ్చి, డిస్కంతా తుడిచేసి లినక్స్ మింట్ ఎక్కించాడు. దాంతో పాటే రాసుకోవడానికి లిబ్రేఆఫీస్, పేజీలు కట్టడానికి స్క్రైబస్, బొమ్మలకి ఇంక్‌స్కేప్, ఫొటోలకి గింప్.

"ఎంతివ్వాలి బాబూ?"

"ఫ్రీ ఆంటీ."

"మళ్ళీ దొంగదేనా?"

వాడు పడీపడీ నవ్వి, నేనిచ్చిన టీ తాగుతూ కాసేపు పాఠం చెప్పాడు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన మొదలుపెట్టిన ఉద్యమమట ఇది. సాఫ్ట్‌వేర్‌ని మన ఇష్టం వచ్చిన పనికి వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి కాపీ ఇవ్వచ్చు, మనం మార్చినదాన్ని కూడా పంచచ్చు. ఈ నాలుగూ ఉంటేనే అది ఫ్రీ సాఫ్ట్‌వేర్. పైసలు పుచ్చుకోకపోవడం ఒక్కటే కాదు.

"ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట ఆంటీ, అందుకే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. తెలుగులో ఆ గొడవ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు" అన్నాడు. హైదరాబాదులో ఈ పని చేసే సంస్థ పేరు కూడా స్వేచ్ఛేనట. తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారు చేశారని చెప్పాడు.

వాడు వెళ్ళిపోయాక అంట్లు తోముతుంటే ఆ మాటే బుర్రలో తిరిగింది. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మరి నా పని ఏది? మా ఆడపడుచు కొడుకు బారసాల కార్డు ఉచితం. అపార్టుమెంటు గణేశ్ చందా రసీదులు ఉచితం. మావారి ఆఫీసులో ఎవరో రిటైరైతే సన్మానపత్రం ఉచితం. ఇంక వంటా, అంట్లూ, పాప హోంవర్కూ సరేసరి. ఇన్ని ఉచితాలు ఇచ్చేదాన్నే గానీ, మధ్యాహ్నం రెండు గంటలు తలుపేసుకుని కూర్చునే స్వేచ్ఛ నాకు లేదు. అడిగి తీసుకోలేదు కూడా.

కొత్త సాఫ్ట్‌వేర్‌తో మొదటి పది రోజులూ ఏడుపే. పేజ్‌మేకర్‌లో చెయ్యి దానంతటదే వెళ్ళేది. ఇక్కడ ప్రతిదానికీ వెతుక్కోవాలి. నా వేళ్ళకి అలవాటైన ఆపిల్ కీబోర్డు లినక్స్‌లో కూడా ఉందని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్.టి.ఎస్. అన్నీ వస్తాయి. స్క్రైబస్ పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి. కొత్తవాటిలో సరిగ్గా వస్తున్నాయి. అందుకని పిల్లాడు కొత్తదే వేసిచ్చాడు. ఫాంట్లకీ కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, గిడుగు, సురవరం, రామభద్ర, పెద్దన లాంటివన్నీ ఎవరైనా వాడుకోవచ్చు. సారు పుస్తకానికి మండలి పెట్టాను, శీర్షికలకి రామభద్ర.

మధ్యలో సారు ఒక పాత సీడీ ఇచ్చారు. 2006లో ఎక్కడో కొట్టించుకున్న ఆయన శతకం. రాతప్రతి పోయింది, అచ్చు పుస్తకాలు అయిపోయాయి, మిగిలింది ఆ పేజ్‌మేకర్ ఫైలే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది. నా దగ్గర అదీ లేదాయె. ఊరికే ప్రయత్నిద్దామని లిబ్రేఆఫీస్ డ్రాతో తెరిస్తే తెరుచుకుంది! కానీ పద్యాల చోట ఇంగ్లీషు అక్షరాల గజిబిజి.

కారణం అను లాంటి పాత ఫాంట్ల తీరు. తెర మీద 'క' కనిపిస్తుంది గానీ లోపల దాచుకునేది ఏదో ఇంగ్లీషు గుర్తునే. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. యూనికోడ్‌లో అలా కాదు, ఏ ఫాంటు పెట్టినా, ఏ ఫోన్‌లో చూసినా 'క' అంటే 'క'నే. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టరులో వేసి, తారుమారైన ఒత్తుల్ని ఒక్కొక్కటీ దిద్ది, నూట ఎనిమిది పద్యాలు బయటికి తీశాను. సారుకి చదవడానికి పంపితే, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఒక పద్యం పాడి వినిపించారు. ఆయన రాసుకున్నదే, పదిహేడేళ్ళు ఆయనకే అందకుండా ఆ సీడీలో ఉండిపోయింది. మన మాటలు మన చేతిలో ఉండటమంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక పోయిన నూట నలభై పేజీలు మళ్ళీ కొట్టాలి, మిగతా డెబ్భై రెండూ కొట్టాలి. టైం ఎక్కడ? ఒక మాట చదివాను. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే పద్ధతి ఉందట, పేరు పొమొడోరో. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు, 1980ల చివర్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివేవాడట. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటానే. నవ్వొచ్చింది. వంటింట్లోంచి తీసుకెళ్ళిన వస్తువుతో ప్రపంచమంతా ఆఫీసు పనులు చేసుకుంటుంటే, వంటింట్లోనే ఉన్న నాకు అది దొరకలేదు!

ఫోన్‌లో టైమర్ పెట్టాను. పదిన్నర నుంచి పన్నెండున్నర, రెండింటి నుంచి నాలుగు. నాలుగుంపావుకి పాప బస్సు. రాత్రిళ్ళు పని పెట్టుకోను, కళ్ళు మంటలెక్కి చేసిన పేజీల్లో తప్పులు మర్నాడు రెట్టింపు టైం తింటాయి. సాయంత్రం ఫైళ్ళు రెండో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయకుండా లేవను. ఆ పెన్‌డ్రైవ్ బియ్యం డబ్బా పక్కన ఉంటుంది, లాప్‌టాప్‌కి తగిలించి ఉంచను.

అన్నిటికన్నా కష్టమైంది అత్తయ్యతో చెప్పడం. "ఆ టైంలో పిలవకండి అత్తయ్యా, పని చేసుకుంటాను" అన్నాను. "ఇంట్లోనే ఉన్నావుగా" అన్నారావిడ. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. అప్పుడు నోటు పుస్తకం తెచ్చి చూపించాను. ఏ రోజు ఎన్ని పేజీలు, పేజీకి ఎంత, ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఇవ్వాలి. ఇంకో పేజీలో ఉచితంగా చేసినవి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండో పేజీనే ఎక్కువసేపు చూశారు. "ఇన్నా?" అన్నారు. అంతే. మర్నాటి నుంచి పదిన్నరకి పప్పు కుక్కర్ ఆవిడే పెట్టారు.

ఉచితం పూర్తిగా మానలేదు. మానితే చుట్టాలు మిగలరు. నెలకి రెండు మాత్రమే అని పెట్టుకున్నాను, ఆ రెండూ నా ఇష్టంతో చేస్తాను. అలాగే నేను వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్ వెనక కూడా ఎవరో కూర్చుని పని చేస్తున్నారు కదా, వాళ్ళూ ఎవరికో "ఖాళీయే" అని చెప్పుకునేవాళ్ళేమో. పెద్ద పని చేతికొచ్చినప్పుడు కొంచెం విరాళం పంపుతాను.

ఇబ్బందులు లేవని చెప్పను. కొన్ని ప్రెస్సులు ఇప్పటికీ "పేజ్‌మేకర్ ఫైలే కావాలమ్మా" అంటాయి. పి.డి.ఎఫ్. ఇస్తానంటే ఒకాయన పని వెనక్కి తీసుకున్నాడు. వారం రోజులు బాధపడ్డాను. ఒప్పుకునే ప్రెస్సు ఇంకోటి దొరికింది.

మీలో ఎవరింట్లోనైనా పాత లాప్‌టాప్ మూలన పడి ఉంటే పాతసామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కసారి ఆగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, అందుకని చాలామంది పారేస్తున్నారు. నాలుగు జి.బి. ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ నడుస్తుంది, నాది అంతే. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, లోపల ఉన్నదేదీ పోదు. నచ్చితేనే ఎక్కించుకోండి. అది కూడా మీ ఫైళ్ళన్నీ వేరే చోట కాపీ చేసుకున్నాకే.

సారు పుస్తకం దసరాకి రాలేదు, సంక్రాంతికి వచ్చింది. నాచారం వెళ్ళి నా కాపీ తెచ్చుకున్నాను. ఆటోలో మొదటి పేజీలు తిప్పుతుంటే ముఖచిత్రం, ముద్రణ వివరాల కింద ఒక వరుస కనిపించింది: అక్షరకూర్పు, పక్కన నా పేరు. అది నేను కొట్టింది కాదు. చివరి ప్రూఫ్‌లో సారే పెన్నుతో రాసి, ప్రెస్సులో కలిపించారట.

మొన్న మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఫోన్ మోగింది. అత్తయ్య ఎత్తారు. అవతల మా ఆడపడుచు అనుకుంటాను.

"లేదమ్మా, ఖాళీగా లేదు. పనిలో ఉంది. నాలుగింటికి చెయ్యి" అన్నారు.

తలుపు ఇవతల నా టైమర్‌లో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.