పెట్టె మీద వేళ్లు

మాది ఇంద్రేశం. పటాన్‌చెరు మండలం. అప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. నేను మాదిగవాడల పుట్టిన. ఇక్కడ రాయబోయేది ఇంగ్లండు కీబోర్డు వాద్యగాళ్ల గురించి.

దళితుల సంకలనంల ఈ ముచ్చట ఎందుకని అడిగేవాళ్లు ఉంటరు. మేము ఆకలి గురించి రాయాలె, అవమానం గురించి రాయాలె. ఏ సంగీతం గొప్పది, ఏ వాద్యగాడు గొప్పవాడు అని తీర్పు చెప్పే పని మాత్రం వేరేవాళ్లకు వదిలిపెట్టాలె. డప్పు కొట్టుడు మా వంతు, డప్పు గురించి పుస్తకం రాసుడు వాళ్ల వంతు. ఈ పంపకం ఎవరు చేసిండ్రు? నేను దీన్ని ఒప్పుకోను. నా చెవులు నావి.

ఆ చెవులకు చదువు చర్చిల అయింది. మా తాతల తరం వెస్లియన్ మిషను కాలంలో క్రైస్తవంలోకి వచ్చింది. మెదక్ పెద్ద చర్చిని 1924 డిసెంబర్ 25న తెరిచిండ్రు. దాని రాళ్లు మోసిన చేతుల గురించి మా తాత కథలు కథలుగ చెప్పేది. మా వాడలది మాత్రం రేకుల చర్చి. అందుల ఒక హార్మోనియం. మేము 'పెట్టె' అంటం. మా మేనమామ వాయించేవాడు.

హార్మోనియానికి ఒక చెయ్యి తిత్తి కొట్టడానికే పోతది. మిగిలేది రెండో చెయ్యి. మామకు ఆ చేతిల మూడు వేళ్లే. కాంట్రాక్టు లేబరుగ ఒక ఫ్యాక్టరీల ప్రెస్సు మిషన్ మీద పని చేస్తుంటే రెండు వేళ్లు తెగినయి. చేతికి కట్టు కట్టించి, వారం కూలి చేతుల పెట్టి పంపిండ్రు. పుండు మానినంక మామ మళ్ల పెట్టె ముందు కూసున్నడు. ముసలవ్వల గొంతు పైకి పోకపోతే పాటను ఒక కట్టె కిందికి దించేవాడు. ఎవరన్న తాళం తప్పితే వాళ్ల కోసం ఆగి, మళ్ల అందరినీ కలుపుకొని పోయేవాడు.

"మామా, ఒక్కసారి నువ్వొక్కనివే వాయించి చూపియ్యరాదె" అని అడిగితే నవ్విండు. "అల్లుడా, జనం పాడాలెరా. పెట్టె ఒక్కటే వినపడ్డదంటే పాట పడిపోయినట్టే" అన్నడు. నా దగ్గరున్న కొలబద్ద ఇదే. మామ మూడు వేళ్లతోని ఇచ్చింది.

1980ల చివర నేను నైట్ షిఫ్టుల చేరిన. మా షిఫ్టు చూసే సారు హైదరాబాద్ నుంచి ఇంగ్లీషు పాటల క్యాసెట్లు తెచ్చి టేప్ రికార్డర్‌ల పెట్టేవాడు. ప్రోగ్రెసివ్ రాక్ అంటరట. 1960ల చివర ఇంగ్లండులో మొదలైన సంగీతం. మూడు నిమిషాల పాటను ఇరవై నిమిషాల దాకా పెంచి, అందుల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని, జాజ్‌ను కలిపి, గిటారు పక్కన కీబోర్డును కూడ గద్దె మీద కూసోబెట్టిన సంగీతం. నేను దగ్గరికొచ్చి వింటుంటే సారు అన్నడు: "ఇది మీకు ఎక్కదయ్యా. మీది భజన చెవి." ఆ 'మీకు' అంటే ఎవరికో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆ రోజు నుంచి పట్టుబట్టి విన్న. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు ఏరుకొని విన్న. విన్నదే చెప్తున్న.

కీత్ ఎమర్సన్ యుద్ధం చేసేవాడు. వేదిక మీద ఆర్గన్‌ను కిందికి పడదోసి, మెట్లు పైకి లేవకుండ సందుల కత్తులు గుచ్చి వాయించిండు. 1970ల వచ్చిన 'లక్కీ మ్యాన్' చివర మూగ్ సింథసైజర్ మీద ఆయన వాయించిన ముక్క విన్నంక, ఆ కొత్త మిషను మీద ఏమేం చెయ్యొచ్చో లోకానికి తెలిసింది. చివరి ఏళ్లల్ల ఆయన కుడిచేతి నరాలు దెబ్బతిని వేళ్లు మాట వినలేదు. 2016 మార్చిల చనిపోయిండు. వేళ్లు పోతే మనిషి ఎట్లుంటడో మా ఇంట్ల చూసినోన్ని. ఆ వార్త నాకు పరాయిది కాలేదు.

రిక్ వేక్‌మన్ అలంకారం చేసేవాడు. లండన్ రాయల్ కాలేజీల సంగీతం చదువుతూ మధ్యలనే మానుకున్నడు. నేలదాకా దిగే మెరుపుల వస్త్రం భుజాల మీద వేసుకొని, చుట్టూ కీబోర్డులు పేర్చుకొని నిలబడేవాడు. 1973ల ఎనిమిదో హెన్రీ రాజు ఆరుగురు భార్యల మీద ఒక ఆల్బమే చేసిండు. వేగం చూస్తే ఆయన వెనక ఎమర్సన్ తప్ప ఇంకొకడు నిలబడడు. కని ఒక్కోసారి పెండ్లిపందిరి ఎక్కువై పెండ్లి కనపడదు.

డీప్ పర్పుల్ జాన్ లార్డ్ తన ఆర్గన్‌ను గిటారోళ్లు వాడే మార్షల్ ఆంప్లిఫయర్లకు కలిపి గర్జింపజేసిండు. జెనెసిస్ టోనీ బ్యాంక్స్ ఇల్లు కట్టే మేస్త్రి. 1973 నాటి 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'ల పియానోతోని మొదలుపెట్టి, మంచి వరుసను ముందు ఫ్లూట్‌కు, తర్వాత స్టీవ్ హాకెట్ గిటారుకు అప్పజెప్పి, తను వెనక నిలబడి గోడ పట్టుకున్నడు. మా మామ ఉంటే బ్యాంక్స్‌ను మెచ్చుకునేవాడు.

ఇగ పింక్ ఫ్లాయిడ్ రిచర్డ్ రైట్. గొప్పవాళ్ల లిస్టు రాసేవాళ్లు ఈయనను ఎప్పుడూ కింద పెడ్తరు. వేగం లేదంటరు. 1973ల 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' వినండి. నిమ్మలంగ నాలుగు స్వరాలు పరిచి, క్లేర్ టోరీ అనే ఆడమనిషి గొంతుకు తొవ్వ ఇచ్చిండు. ఒక్క మాట లేకుండ ఆమె ఏడ్పే పాటయింది. ఆమెకు ఇచ్చిన కూలి ముప్పై పౌండ్లు. తను కూడ ఆ పాట కట్టినదాన్నే అని ఆమె 2004ల కోర్టుకు పోతే, 2005ల రాజీ అయినంక రచయితల పేర్లల్ల ఆమె పేరు చేరింది. రైట్‌కు కూడ అదే గతి పట్టింది. 'ది వాల్' రికార్డింగ్ అప్పుడు ఆయనను బ్యాండ్ నుంచి తీసేసిండ్రు. తర్వాత అదే పాటలను వేదిక మీద వాయించడానికి జీతం మీద పెట్టుకున్నరు. బ్యాండ్ పెట్టినోల్లల్ల ఒకడు అదే బ్యాండ్‌ల కూలోడయిండు. కాంట్రాక్టు లేబరు అంటే ఏందో మా పాశమైలారం షెడ్లల్ల ఎవరినడిగినా చెప్తరు.

ఇంతవరకు లిస్టులోల్ల ముచ్చట. ఆ లిస్టులు రాయనిది ఒకటుంది. వీళ్లల్ల చానమంది వాయించిన హామండ్ ఆర్గన్ 1935ల అమెరికాల అమ్మకానికి వచ్చింది. పెద్ద గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చీలు దాన్ని కొనుక్కున్నయి. నల్లవాళ్ల చర్చీలల్ల అది గాస్పెల్ పాటకు ప్రాణమైంది. అక్కడి నుంచి జిమ్మీ స్మిత్, జాక్ మెక్‌డఫ్ అసొంటి నల్ల వాద్యగాళ్ల చేతులల్ల జాజ్‌లకు నడిచింది. మెక్‌డఫ్‌ను విన్నంకనే హామండ్ మీద మనసు పడ్డదని ఎమర్సనే చెప్పుకున్నడు. ఆయన దాచలేదు. దాచింది లిస్టులు రాసేవాళ్లు. ఎమర్సన్ బ్యాండ్ ముస్సోర్గ్‌స్కీ సంగీతాన్ని తీసుకుంటే ఆయన గొప్పతనానికి అది సాక్ష్యమైతది. నల్లవాళ్ల చర్చి నుంచి తీసుకున్నది ఎవరి లెక్కల్లకూ రాదు.

ఇది మనకు తెలియని కథ కాదు. హార్మోనియం ఫ్రాన్సు నుంచి వచ్చింది. మన దేశంల చేతి తిత్తి పెట్టుకొని నేల మీద కూసున్నది. గమకం పలకదని ఆకాశవాణి 1940ల దాన్ని బయటికి తోసింది. 1971 దాకా తలుపు తెరవలేదు. ఆ ముప్పై ఏళ్లు రేడియో ముట్టని పెట్టెను ఎవరు మోసిండ్రు? నాటకాలోల్లు, భజనలోల్లు, చిందు యక్షగానం ఆడేవాళ్లు, మా వాడల చర్చీలు.

ఆ పెట్టె నుంచే ఇళయరాజా లేచిండు. తమిళనాడు పణ్ణైపురంల దళిత కుటుంబంల పుట్టి, కమ్యూనిస్టు సభలల్ల అన్న వరదరాజన్ పాడుతుంటే పక్కన హార్మోనియం వాయించిండు. తర్వాత మద్రాసుల ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నడు. 1986ల 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ల త్యాగరాజును, బాఖ్‌ను ఒక్క పందిట్ల కూసోబెట్టిండు. ఇంగ్లండోళ్లు చేస్తే ప్రోగ్రెసివ్ అన్న పని ఇది కాదా? 2025 మార్చి 8న లండన్‌ల రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యగాళ్లు ఆయన రాసిన సింఫనీ వాయించిండ్రు. ఆయన తన కులం పేరుతోని గుర్తింపు కోరలేదు. అది ఆయన ఇష్టం. కని 'భజన చెవి' అన్నోళ్లకు ఆ రాత్రి జవాబు దొరికింది.

నా తీర్పు అడిగితే చెప్త. వేళ్ల వేగంల ఎమర్సన్, వేక్‌మన్ పెద్దోళ్లు. కట్టడంల బ్యాంక్స్ పెద్దోడు. పక్క గొంతును నిలబెట్టడంల రైట్ పెద్దోడు. నేను రైట్‌ను ముందు పెడ్త. మీరు వేరే పేరు చెప్పొచ్చు, కొట్లాడొచ్చు. ఆ కొట్లాట మనం కూడ చెయ్యాలె.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఎవరన్న గొప్పవాళ్ల లిస్టు మీ చేతిల పెడితే రెండు ప్రశ్నలు అడగండి. ఈ వాద్యం వీళ్లకంటే ముందు ఎవరి చేతులల్ల ఉండె? వీళ్లు వాయిస్తుంటే పక్కన ఎవరికి కూలి సరిగ అందలేదు? జవాబు రానంతవరకు ఆ లిస్టు సగమే అనుకోండి. మిగిలిన సగం మనమే రాయాలె.