చిప్పుకీ వడదెబ్బే!

వైశాఖమాసం... మిట్టమధ్యాహ్నం. అనంతపురం క్లాక్‌టవర్‌ దగ్గర రోడ్డు పెనంలా కాలుతుంటుంది. కుక్కలు షట్టర్ల కింద బెత్తెడు నీడ చూసుకుని ముడుచుకు పడుకుంటాయి. అలాంటి వేళ కూడా మూతపడని కొట్లు పెళ్లిపత్రికలు అచ్చువేసేవి. ముహూర్తాలన్నీ ఈ ఎండల్లోనే మరి!

సరిగ్గా అప్పుడే మూల టేబుల్‌ మీదున్న పాత కంప్యూటర్‌ మొండికేస్తుంది. పెళ్లికూతురి తండ్రి పక్కన కూర్చుని బంధువుల పేర్లు చెబుతుంటాడు. తెర ఉన్నట్టుండి నల్లబడుతుంది. ఆపరేటర్‌ చెయ్యి ముందు మౌస్‌ మీంచి నుదుటి మీదకి, ఆ తర్వాత ఫోన్‌ మీదకి వెళుతుంది. ‘అన్నా, పది నిమిషాలు బాగనే పనిచేస్తాంది. ఆపైన దబుక్కున ఆరిపోతాంది’... ఎండాకాలంలో ఇక్కడి కంప్యూటర్‌ మెకానిక్‌లకు రోజూ వినబడే మాటే ఇది.

కొత్తది కొనుక్కోవచ్చు కదా? అంత తేలిక కాదు. తెలుగు డీటీపీ చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌ మీదే నడుస్తోంది. దాని చివరి వెర్షన్‌ 7.0 వచ్చింది 2001లో. అది సాఫీగా నడిచే విండోస్‌ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్‌ 2014 ఏప్రిల్‌లో సెలవు చెప్పేసింది. యూనికోడ్‌ కాని ఆనాటి తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలును, ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల స్థానంలో పిచ్చిగీతలు కనబడతాయి. రెండు దశాబ్దాల నుంచి కూడబెట్టుకున్న పత్రికల డిజైన్లు, వినాయకుడి బొమ్మలు, వంశాల పేర్లు... అన్నీ ఆ పాత డబ్బాలోనే. అందుకే అది బతకాలి!

ఇంతకీ దాన్ని చంపుతున్నదెవరు? ముందు అనుమానించాల్సింది అనంత ఎండనే.

పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటే పిండేస్తాయి. తూర్పు తీరం నుంచి వచ్చే ఈశాన్య వానలు ఇంతదూరం చేరేసరికి నీరసిస్తాయి. రెంటికీ చెడిన ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. గుత్తి నుంచి దక్షిణంగా వస్తుంటే కిటికీలోంచి కనిపించేవి ఎర్రమన్ను, గుండ్రాళ్ల గుట్టలు, వానకోసం ఎదురుచూసే వేరుశనగ చేలు. ఏప్రిల్‌, మే నెలల్లో పాదరసం 42 దాటడం ఇక్కడ వార్తే కాదు.

ఆ వేడి కంప్యూటర్‌ని ఎలా పట్టుకుంటుందో చూడండి. 2004 ప్రాంతంలో వచ్చిన కొన్ని పెంటియం-4 చిప్పులు వంద వాట్ల దాకా వేడిని పుట్టించేవి. అంటే పాతకాలం వందవాట్ల బల్బు వేడంతా బొటనవేలి గోరంత చోటులో! దాన్ని లాగి గాలికి వదలడానికే చిప్పుమీద రేకురేకులుగా ఉండే అల్యూమినియం దిమ్మె... హీట్‌సింక్‌. దాని నెత్తిన ఫ్యాను. ఆ ఫ్యాను చల్లగాలిని పుట్టించదు, గదిలో ఉన్న గాలినే తోస్తుంది. 25 డిగ్రీల గదిలో 60 డిగ్రీలు చూపే చిప్పు, అదే పనిని 42 డిగ్రీల రేకుల గదిలో చేస్తే దాదాపు 77కి చేరుతుంది. దిమ్మె బిగుతుగా ఉంటే అదీ ఓర్చుకుంటుంది. వదులైతేనే చిక్కు.

వదులెందుకవుతుంది? ఆ తరం ఇంటెల్‌ బోర్డుల్లో చాలావాటికి హీట్‌సింక్‌ని పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్‌ పిన్నులు. ఏళ్ల తరబడి కాగి, చల్లారి అవి పెళుసెక్కుతాయి. ఒక్కటి పట్టు వదిలితే చాలు, దిమ్మె ఓ పక్కకి ఒరుగుతుంది. పల్లెనుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన డబ్బా అయితే గతుకులు కూడా తోడవుతాయి. పక్కనే ఉండే చిప్‌సెట్‌ సంగతి మరోరకం. దాని చిన్న దిమ్మెను స్ప్రింగు తీగ అదిమి పడుతుంది. ఆ తీగ కొక్కేలు బోర్డుకి సోల్డర్‌ చేసి ఉంటాయి. కొన్నాళ్లకి కొక్కెం ఊడి వస్తుంది. దిమ్మెకీ చిప్పుకీ మధ్య వెంట్రుకవాసి సందు చాలు. అక్కడ చేరే గాలి వేడిని మోయడంలో అల్యూమినియం ముందు వేలవంతుకైనా సరిపోదు.

లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద సందులోంచి తువ్వాలు లాగి మురిసిపోని యాత్రికుడు ఉండడు. కంప్యూటర్‌లో మాత్రం అలాంటి సందు కాగితమంత ఉన్నా ముప్పే!

ఇక వైద్యం. ముందు డబ్బాని కొట్టు బయటికి తెచ్చి బ్లోయర్‌ పెడతారు. ఎర్రటి దుమ్ము హోలీ రంగులా లేస్తుంది. ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవడం అనుభవజ్ఞుల లక్షణం. వదిలేస్తే అది విచ్చలవిడిగా తిరిగి బేరింగులు పోతాయి. తర్వాత దిమ్మెని మెల్లగా అటూఇటూ తిప్పి తీస్తారు. గుంజితే కొన్ని పాతరకం బోర్డుల్లో చిప్పు కూడా ఊడివచ్చి కాళ్లు వంకరపోతాయి. సున్నపు పెచ్చులా ఎండిపోయిన పాత పేస్టుని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, కొత్త థర్మల్‌ పేస్టు చుక్క పెడతారు. వేరుశనగ గింజంత కాదు, కందిగింజంత! ఎక్కువైతే మేలు జరగదు సరికదా, చుట్టూ పొంగి చెత్త చేస్తుంది. పేస్టు పని సందులో గాలిని తరిమేయడమే.

విరిగిన పిన్ను స్థానంలో సన్న బోల్టు, నట్టు, మధ్యలో బోర్డు గీతలు తగలకుండా నైలాన్‌ వాషరు. ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. బలమంతా చూపిస్తే బోర్డు విల్లులా వంగుతుంది. ఊడిన కొక్కేన్ని తిరిగి సోల్డర్‌ చేయడం ఇంకా నేర్పైన పని. వెనకున్న రాగి పొర వేడినంతా తాగేస్తుంది కాబట్టి చిన్న ఐరన్‌తో అతకదు. కొందరు సొంతవైద్యులు అంచులకి ఫెవిక్విక్‌ వేసి, చిప్పుకి టూత్‌పేస్టు పూసి తెస్తారు. మెకానిక్‌కి తిక్కరేగేది అప్పుడే. టూత్‌పేస్టు నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. జిగురు మాత్రం వదలదు!

ఇదంతా చూస్తుంటే సీమ పల్లెల్లోని పాత మిద్దెలు గుర్తొస్తాయి. దూలాల మీద మందంగా చౌడుమన్ను, మధ్యలో పొగా వేడీ పోయేందుకు గవాక్షి. అమ్మమ్మల కాలం నాటి హీట్‌సింక్‌ అదే. ఇప్పుడు వాటి స్థానంలో కాంక్రీటు, రేకులు వచ్చాయి. కంప్యూటర్‌కే కాదు, దాని ముందు కూర్చునే ఆపరేటర్‌కీ ఉక్కపోతే.

అన్నట్టు, పొడిగాలి వల్ల లాభమూ ఉంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి బోర్డుల మీద తుప్పు లేస్తుంది. ఇక్కడ పాత బోర్డు తీసి చూస్తే దుమ్ము కింద సోల్డర్‌ ఇంకా మెరుస్తూనే ఉంటుంది. దుమ్ము దులిపేయొచ్చు, తుప్పునేం చేస్తారు?

బిగింపు పూర్తయ్యాక మెకానిక్‌ కేసు మూయడు. బయోస్‌ తెరలో ఉష్ణోగ్రత అంకె చూస్తూ కూర్చుంటాడు. పది నిమిషాలు. పదిహేను. అంకె ఒకచోట నిలబడితే అప్పుడు స్క్రూలు. అది నిలబడేదాకా పెళ్లికూతురి తండ్రీ ఆ అంకెనే చూస్తుంటాడు, అదేమిటో తెలియకపోయినా!

ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు. కానీ గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు నిలబెట్టించిన పడమటిగాలి అది. కిటికీలు ఎంత మూసినా దుమ్ము ఏదో సందున దూరి హీట్‌సింక్‌ రేకుల మధ్య పేరుకుంటుంది. అందుకే తెలిసిన కొట్లవాళ్లు ఆ నెల చివర్లో ఓసారి మూత తీయించి, నాలుగు బోల్టులూ కదిపి చూపించుకుంటారు. ఆ వెంటనే శ్రావణం ముహూర్తాలు.