హాలు ఖాళీ అయినా ఆగని ఈల

శుక్రవారం మార్నింగ్ షో. ముందు హీరోగారి బూటు కనిపిస్తుంది. తరువాత మోకాలు, ఆ తరువాత భుజం... మొహం ఇంకా తెరమీదికి రానే లేదు, ముందు బెంచీల నుంచి ఈలలే ఈలలు! కాగితం ముక్కలు గాల్లోకి! మా వరంగల్ కుర్రాళ్ళు గట్టిగా ఈల వేస్తే గార్డు ఊదాడనుకుని కాజీపేటలో రైలు కదిలిపోతుందని మేం సరదాగా చెప్పుకునేవాళ్ళం.

ఆ ఈలలన్నీ ఆట అయిపోగానే యెవరిళ్ళకి వాళ్ళు పట్టుకుపోతారు. ఒక్క ఈల మాత్రం పోలేదు. హాలు ఖాళీ అయింది, లైట్లార్పాను, షట్టరు దించాను, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆ ఈల నా పక్కనే వుంది. సన్నగా, ఆగకుండా, తెల్లవార్లూ!

దయ్యాల సినిమా కథ చెప్తున్నాననుకోకండి. ఇది నా చెవుల కథ.

నేను సినిమా ఆపరేటర్ని. పేరెందుకు లెండి, టైటిల్స్‌లో మా పేరు యెప్పుడు వేశారు గనక! 1983లో, పదహారేళ్ళ వయసులో, రీళ్ళు మోసే కుర్రాడిగా చేరాను. అప్పట్లో ఒకే ప్రింటుని రెండు హాళ్ళు పంచుకునేవి. హన్మకొండలో రీలు అయిపోగానే డబ్బా సైకిలు కేరియర్‌కి కట్టుకుని వరంగల్‌కి ఒకటే తొక్కుడు. దారిలో ఎంజీఎం సెంటర్ దగ్గర రెండు నిమిషాలు ఆగానంటే అక్కడ తెర తెల్లబోయేది. జనం నన్నూ మా అమ్మనూ కలిపి తలుచుకునేవారు!

తరువాత ప్రొజెక్టర్ రూములోకి ప్రమోషన్. ప్రొజెక్టర్ రూమంటే యేమనుకున్నారు? కాంక్రీటు గుహ. అందులో రెండు యంత్రాలు. సెకనుకి 24 బొమ్మల చొప్పున ఫిల్ము పళ్ళచక్రాల మీద టకటకటక పరిగెత్తుతుంది. కార్బన్ కడ్డీలు చురచురమంటాయి. పొగ లాగే ఫ్యాను ఒక పక్క రొద. ఆ గోలలో డైలాగు వినిపించాలి గనక, గోడకున్న మానిటర్ స్పీకర్ సౌండు ఇంకా పెంచేవాళ్ళం. రోజుకి నాలుగాటలు, పండగలకి అయిదు. అలా 28 యేళ్ళు. చెవికి దూది పెట్టుకోవాలని నాకూ తోచలేదు, నాకు పని నేర్పిన పెద్దాపరేటర్‌కీ తోచలేదు. పాపం, ఆయన ఆఖరి రోజుల్లో మనం అరిస్తే తప్ప పలికేవాడు కాదు.

2011లో మా హాల్లోకి డిజిటల్ వచ్చింది. రీళ్ళు పోయాయి, కార్బన్లు అంతకుముందే పోయాయి. యేసీ గదిలో ఒక పెట్టె. మీట నొక్కితే బొమ్మ! మొదటిరోజు ఆ గది యెంత నిశ్శబ్దంగా వుందో చెప్పలేను. ఆ నిశ్శబ్దంలోనే మొట్టమొదటిసారి వినిపించింది... స్‌స్‌స్‌ మంటూ సన్నటి ఈల.

కొత్త యాంప్లిఫయరులో యేదో లోపం వుందనుకున్నాను. సౌండు మెకానిక్‌ని పిలిపించాను. అతను వైర్లన్నీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. మూడు గంటలు తంటాలు పడి నా వంక అదోలా చూశాడు.

"అన్నా, సప్పుడు యాడున్నది? నాకైతే ఇనవడ్తలేదు."

"అగో, ఇప్పుడు గూడ వస్తున్నది గదనే!"

"ఇప్పుడా? స్విచ్చే బంద్ జేసి పెట్టిన గదన్నా!"

అదీ ఇంటర్వెల్ బ్యాంగ్!

ఆ తరువాత రీళ్ళు వేగంగా తిప్పేస్తాను. మా ఆవిడ "ఏం సప్పుడయ్యా? గోడ గడియారం తప్ప నాకేం ఇనవడ్తలేదు" అనేది. ఎల్లిగడ్డ కాచిన నూనె చెవిలో పోయించుకున్నాను (మీరు ఆ పని చెయ్యకండి, నాకు చెవిపోటు అదనంగా వచ్చింది). ఒక డాక్టరుగారు మాత్రలు రాసి, "వయసు మీద పడుతుంది, అలవాటు చేసుకో" అన్నారు. అప్పటికి నా వయసు నలభై అయిదు. చలికాలంలో కూడా ఫ్యాను వేసుకుని, రేడియోలో స్టేషన్లు దొరకని చోట ముల్లు నిలిపి, ఆ బరబర వింటూ పడుకునేవాణ్ణి. దాంతో మా ఆవిడకీ నిద్ర లేదు.

2020 మార్చిలో హాళ్ళు మూసేశారు. బస్సుల్లేవు, బళ్ళు లేవు, పెళ్ళిబాజాలు లేవు. వూరంతా హాయిగా పక్షుల కూతలు వింటున్నామని చెప్పుకుంటుంటే, నాకు మాత్రం ఈల తప్ప మరేమీ వినిపించలేదు. ఒక రాత్రి రెండు గంటలకి డాబా యెక్కి పిట్టగోడ మీద కూర్చున్నాను. యెందుకెక్కానో ఇప్పుడు రాయను. కాసేపటికి మా ఆవిడ వచ్చింది. యేమీ అడగలేదు. నా చొక్కా కొస గట్టిగా పట్టుకుని తెల్లవారేదాకా పక్కనే నిలబడింది. అలాంటి రాత్రి మీ ఇంట్లో యెవరికైనా వస్తే వాళ్ళని వొంటరిగా వొదలకండి. ఇప్పుడు 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు యే వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఆనాడు అది లేదు. మా ఆవిడ వుంది.

మరుసటి యేడు వానాకాలంలో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని బొగత జలపాతానికి తీసుకెళ్ళారు. ములుగు జిల్లా వాజేడు దగ్గర. మీలో చాలామంది సెల్ఫీలు దిగే వుంటారు. నీళ్ళు దూకేచోటికి దగ్గరగా వెళ్ళి నిలుచున్నాను. ఒక నిమిషం గడిచింది. యేదో తగ్గింది... యేం తగ్గింది? ఈల లేదు! పదేళ్ళలో మొదటిసారి! నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జల్లు పడిందనుకుని మా ఆవిడ కొంగుతో మొహం తుడిచింది.

ఇలాంటి సీనే అమెరికాలో 1970ల్లో జరిగిందని తరువాత తెలిసింది. చార్లెస్ యునీస్ అని ఒక డాక్టరు. ఆయనకీ ఇదే బాధ. పోర్ట్‌లాండ్ వూళ్ళో జాక్ వెర్నన్ అనే శాస్త్రవేత్తతో కలిసి నడుస్తూ ఒక ఫౌంటెన్ దగ్గర ఆగాడు. నీళ్ళ హోరులో తన చెవిలో మోత మాయం! ఆ ఫౌంటెన్‌ని చెవిలో పెట్టుకునేంత చిన్నది చెయ్యలేమా అని వెర్నన్ పట్టుబట్టాడు. అలా వచ్చినవే మాస్కర్లనే పరికరాలు. హాలీవుడ్ నటుడు విలియం షాట్నర్‌కి 'స్టార్ ట్రెక్' సెట్లో పేలుడు సీను తీస్తుండగా చెవుల్లో మోత పట్టుకుంది. యేళ్ళ తరబడి నలిగిపోయి, చివరికి అలాంటి పరికరంతోనే వూరట పొందానని ఆయనే చెప్పుకున్నాడు. అంతరిక్షాన్నేలిన కెప్టెన్‌కే తప్పలేదు, ఆపరేటర్ నేనెంత!

బొగత నుంచి వచ్చాక మా అమ్మాయి నన్ను హన్మకొండలో ఒక ఆడియాలజిస్టు దగ్గరికి లాక్కెళ్ళింది. చెవుల పరీక్ష చేసే ఆవిడన్నమాట. సౌండు బయటికి పోని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. తరువాత ఒక గ్రాఫు చూపించింది. లావు సౌండ్ల దగ్గర గీత బాగానే నడిచింది. 3000 హెర్ట్జులు దాటాక పద్మాక్షి గుట్ట మీంచి దొర్లినట్టు కిందికి జారిపోయింది.

"మీకు మాట వినిపిస్తుందంకుల్, కాని స, శ, చ, త లాంటివి సగం రాలిపోతున్నాయి. మీ మెదడు వాటికోసం వెతుక్కుంటోంది. ఆ మోతని టిన్నిటస్ అంటారు" అంది.

నాకు తలకెక్కలేదు. అప్పుడావిడ, "మీరు యేం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. చెప్తుండగానే నాకే వెలిగింది!

పాత ఫిల్ములో బొమ్మ పక్కన సన్నటి గీతలా సౌండు ట్రాకు వుంటుంది. దాని మీద ఎక్సయిటర్ లాంప్ అనే చిన్న బల్బు వెలుతురు పడితే, అవతల ఫోటోసెల్ ఆ వెలుగునీడల్ని సౌండుగా మారుస్తుంది. బల్బు మసకబారితే సౌండు తగ్గిపోతుంది. జనం "సౌండ్! సౌండ్!" అని అరుస్తారు. ఆపరేటర్ కంగారుపడి వాల్యూమ్ ఆఖరిదాకా తిప్పేస్తాడు. అప్పుడేమవుతుంది? డైలాగుతోపాటు స్పీకర్లలోంచి స్‌స్‌స్‌ మని బుస! ఆ బుస ఫిల్ములో లేదు. వాల్యూమ్ మితిమీరి పెంచినందువల్ల వచ్చింది.

చెవి లోపల నత్తగుల్ల లాంటి గొట్టంలో వెంట్రుకల్లాంటి కణాలున్నాయట. సన్నటి సౌండ్లు వినే కణాలు గుమ్మం దగ్గరే వుంటాయి గనక పెద్ద మోతలకి ముందు అవే చస్తాయి. చచ్చినవి మనుషుల్లో మళ్ళీ మొలవవు. అందాల్సిన సౌండు అందక మెదడు వాల్యూమ్ పెంచుకుంటుంది, బుస మొదలవుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఇదొకటి, అందరికీ ఇదే అని కాదు. నా విషయంలో ప్రొజెక్టర్ రూము వాటా యెంత, వయసు వాటా యెంత అంటే ఆవిడా చెప్పలేనంది.

బుస పోగొట్టాలంటే బల్బు మార్చాలి గదా. ఆ కొత్త బల్బే చెవి మిషన్! తగ్గిన సౌండ్లని మాత్రమే, తగ్గినంత మేరకు పెంచి లోపలికి పంపుతుంది. బయటి సౌండు అందితే మెదడు లోపలి బుస మీద నుంచి దృష్టి మళ్ళిస్తుంది. ఇది మోతని చంపే మందు కాదని ఆవిడ మూడుసార్లు చెప్పింది. అలాంటి మందు ఇప్పటిదాకా లేదు. వినికిడి తగ్గి, మోత విడవకుండా బాధిస్తుంటే చెవి మిషన్ చూడమని అమెరికా చెవి-ముక్కు-గొంతు డాక్టర్ల అకాడమీ 2014లో చెప్పింది. మోతకని మాత్రలు, గింకో లాంటి మూలికలు వాడొద్దని కూడా అదే చెప్పింది.

అయినా నేను వొప్పుకోలేదు. కారణం చెప్తే నవ్వుతారు. సిగ్గు!

మన సినిమాల్లో చెవిటివాడంటే యెవరండీ? అరిస్తే ఒకటి వినిపించుకుని ఇంకొకటి చెప్పి నవ్వించే తాతగారు. ఆ రీళ్ళన్నీ నేనే తిప్పాను. జనంతోపాటు నేనూ నవ్వాను. ఆ వేషం రేపు నాకే యిస్తారని తెలిస్తే నవ్వేవాణ్ణా? 2018లో 'రంగస్థలం' వేసినప్పుడు మాత్రం కొంచెం ఆలోచనలో పడ్డాను. సుకుమార్ సినిమా, వినికిడి సరిగ్గా లేని చిట్టిబాబుగా రామ్‌చరణ్. ఆ లోపమున్నవాడే హీరో! హాల్లో కుర్రాళ్ళు అతనికే ఈలలు వేశారు. అది గుర్తుచేసి మా అమ్మాయి దెబ్బకొట్టింది. తను కట్టుకునే చిట్టీ ఎత్తి రూ.38,000 పెట్టి రెండు చెవులకీ మిషన్లు కొనిచ్చింది.

మొదటిరోజు నరకం. కాగితం నలిపితే టపాకాయలు పేలినట్టుంది. నా గొంతు నాకే డ్రమ్ములోంచి వినిపించింది. హన్మకొండ చౌరస్తాలో ఆటో హారన్‌కి గుండె ఆగినంత పనైంది. తీసి డబ్బాలో పెట్టేశాను. నాలుగు రోజుల తరువాత ఆవిడ చివాట్లు పెట్టి, సౌండు కొంచెం దించి, "పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకోండి, కొన్ని వారాలు పడుతుంది" అంది. కందిగింజంత బ్యాటరీ. వెనక స్టిక్కరు పీకి గాలి తగలనిస్తే గాని పనిచెయ్యదు. నాకు వారానికొకటి ఖర్చు. అదో సంసారం!

ఆరో వారంలో అనుకుంటాను, ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ గమనించాను. పొద్దుట్నుంచీ ఈల సంగతే నాకు గుర్తు రాలేదు! వినిపించిందా అంటే, చెవి పెట్టి వింటే వుంది. కాని దూరంగా, పక్కవీధిలో యెవరో వేస్తున్నట్టు. అప్పుడే వంటింట్లోంచి ఇంకో సన్నటి సౌండు వచ్చింది. మా ఆవిడ గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీస్తోంది.

"మళ్ళెప్పుడు మొదలువెట్టినవే పాటలు?" అన్నాను.

"నేనెప్పుడు బంద్ జేసిన్నయ్యా?" అంది.

రాత్రి మిషన్లు తీసి పడుకుంటే ఈల మళ్ళీ వస్తుంది. ఫోన్లో వాన సౌండు చిన్నగా పెట్టుకుంటాను. దానికీ నాకూ రాజీ కుదిరింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు రెండు మాటలు. బెనిఫిట్ షోకెళ్ళండి, ఈలలూ వెయ్యండి, అవి లేకపోతే నాకు జీతం లేదు. కాని 85 డెసిబెల్స్ మోతని రోజుకి 8 గంటలే భరించాలని లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగానికి సగం పడిపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలే! పెళ్ళి డీజే ముందు గంటసేపు యెగిరాక చెవులు గుయ్‌మంటే, అది చెవి యిచ్చే ట్రైలర్. పొద్దునకి తగ్గింది గదా అని మళ్ళీ వెళ్తే మెయిన్ పిక్చర్ చూపిస్తుంది. హాల్లో టపాకాయలు మాత్రం దయచేసి వొద్దు. ప్రపంచంలో 110 కోట్లమంది యువతీ యువకుల వినికిడి, యిలాంటి మోతలవల్లా యియర్‌ఫోన్లవల్లా ప్రమాదంలో వుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక్క చెవిలోనే మోత వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా, వినికిడి హఠాత్తుగా పోయినా ఆలస్యం చెయ్యకుండా ఇఎన్‌టి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఒక్కోసారి గులిమి అడ్డుపడ్డా మోత వస్తుంది. తీస్తే పోతుంది. ఫోన్లో ప్రకటన చూసి మిషన్ కొనుక్కోకండి. పరీక్ష లేకుండా కొన్నది సైకిలు షాపులో కొన్న కళ్ళజోడు లాంటిది.

మొన్న శుక్రవారం కొత్త సినిమా వేశాం. మా మనవరాలు కూడా ప్రొజెక్టర్ రూముకొచ్చి, స్టూలెక్కి కిటికీలోంచి చూస్తోంది. హీరోగారి బూటు కనిపించింది. సౌండు ఒక గీత కిందికి దించాను. యజమానికి ఇంకా తెలీదు, మీరూ చెప్పకండి. మోకాలు, భుజం... ఇంతలో చెవిలో సన్నగా, పొడుగ్గా ఒక ఈల!

గుండె ఝల్లుమంది. పక్కనున్న అసిస్టెంటు కుర్రాడి భుజం పట్టుకున్నాను.

"అరేయ్, నీకు గూడ ఇనవడ్డదా?"

"ఇనవడ్డదన్నా. గా మూడో వరసల ఎర్రంగీ పోరడు."