కాటిసీను

పిల్లలూ! 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ మెట్టపల్లెల వైపు హరిశ్చంద్ర నాటకం ఆడితే తప్పక చూడండి. నడిరేయి దాటాక కాటిసీను వస్తుంది. నీలిదీపం, పొగ, తెరవెనుక నక్క ఊళ! పసివాళ్లు అమ్మ కొంగుచాటుకు దూరతారు. మసకవెలుతురులో కంటికి వివరాలు అందవు. ఆ లోటును మనసు దయ్యాలతో నింపుకుంటుంది.

నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. ఈ రంగంలో నటులు గుర్రం జాషువా (1895–1971) గారి శ్మశానపద్యాలు కూడా పాడతారు. రాజైనా కవి అయినా అక్కడ బూడిదే, అంటరానితనానికి అక్కడ తావులేదు అంటాడు కవి.

అంతలో చంద్రమతి చచ్చిన కొడుకును మోసుకొస్తుంది. కాటికాపరి అయిన తండ్రే సుంకం అడుగుతాడు. కొంగుచాటు పిల్లలు తలలు బయటపెట్టి, కళ్లు తుడుచుకుంటూ చూస్తారు. దయ్యం మాట ఎవరికీ గుర్తుండదు.