గచ్చు లోపలి తడి

2024 సెప్టెంబరులో బుడమేరు వరదంతా కొల్లేట్లో పడింది. ఉప్పుటేరు లాగలేకపోయింది, నీళ్లు మా ఇంట్లోకొచ్చాయి. తీసిన వారానికే గచ్చు తెల్లబడింది. అమ్మాయి పురిటికొచ్చే గది కదా, టైల్స్ వేయించేద్దామని నా తొందర.

ఏలూరు మేస్త్రి మాత్రం మూరెడు ప్లాస్టిక్ కవరు నేలమీద పరిచి, చుట్టూ టేపు అంటించి, "రేపు చూడండమ్మా" అన్నాడు. మర్నాడు కవరు లోపల చెమట బొట్లు! పైన ఆరినా కాంక్రీటు లోపలి తడి మెల్లగా పైకొస్తుందట. ఇప్పుడే వేస్తే టైల్స్ లేచిపోతాయన్నాడు.

పెద్ద భవనాల్లో అయితే తేమ లాగే మిషన్లు పెడతారు. మాకున్నవి రెండు టేబుల్ ఫ్యాన్లు. ఎండ కాస్తే కిటికీలు తీయడం, ముసురు పడితే మూయడం, అదే నా ఉద్యోగం.

"పసివాడికి ఈ గచ్చు గదేనా?" అంది వియ్యపురాలు. విననట్టు ఊరుకున్నాను. సంక్రాంతి వెళ్లాక గానీ కవరు పొడిగా రాలేదు.